తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడడు: బయట దేశంలో పెరిగే పిల్లల కోసం ఇంట్లో ఏం చెయ్యాలి

ఈ రోజు సాయంత్రం ఒక పని చెయ్యండి. పిల్లలు స్కూల్ నుంచి వచ్చిన దగ్గర్నుంచి పడుకునే దాకా మీరు వాళ్లతో తెలుగులో అన్న మాటలన్నీ ఫోన్‌లో నోట్ చేసుకోండి, ఇంగ్లీష్‌వి వదిలెయ్యండి. చాలా ఇళ్లలో లిస్ట్ ఇలా వస్తుంది: షూస్ తియ్యి, చేతులు కడుక్కో, తిను, తొందరగా తిను, ఆ టీవీ ఆపు, ఎన్నిసార్లు చెప్పాలి నీకు, స్నానానికి నడు, పడుకో. అన్నీ ఆర్డర్లే. మరి స్కూల్లో ఏం జరిగింది, ఆ ఫ్రెండ్ ఎందుకు ఏడ్చాడు, మాథ్స్‌లో ఆ స్టెప్ ఎక్కడ తప్పింది, వీకెండ్ ఎక్కడికి వెళ్దాం, ఇవన్నీ ఎప్పుడో ఇంగ్లీష్‌లోకి వెళ్లిపోయి ఉంటాయి, ఏ రోజు వెళ్లాయో కూడా ఎవరికీ గుర్తుండదు.

"మావాడికి తెలుగు మొత్తం అర్థమవుతుందండీ, మాట్లాడడు అంతే." డాలస్ చుట్టుపక్కల ఏ బర్త్‌డే పార్టీకి వెళ్లినా ఈ మాట వినకుండా బయటపడలేం. అర్థమవ్వక ఏం చేస్తుంది? ఆర్డర్ అర్థం చేసుకోడానికి పెద్ద భాష అక్కర్లేదు, మన మొహం చూస్తే సగం తెలిసిపోతుంది. ఆర్డర్‌కి జవాబు కూడా అక్కర్లేదు, లేచి ఆ పని చేస్తే చాలు. అంటే పదేళ్లు తెలుగు విన్నా ఆ పిల్లాడికి తెలుగులో నోరు తెరవాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదన్నమాట, ఇంక మాట్లాడమంటే ఎక్కడి నుంచి వస్తుంది.

కాబట్టి ఇక్కడ నేను చెప్పేదంతా ఇంట్లో తెలుగుకి వేరే పనులు అప్పజెప్పడం గురించే. కబుర్లు చెప్పడం, వాదించడం, జోకులెయ్యడం, చాడీలు చెప్పడం, బతిమాలడం, అబద్ధమాడి దొరికిపోవడం, ఇలాంటివి. ఇవి తెలుగులో జరిగే ఇంట్లో పిల్లలకి తెలుగు వస్తుంది, జరగని ఇంట్లో వారానికోసారి క్లాస్‌కి తీసుకెళ్లి ఎన్ని గుణింతాలు రాయించినా అది ఇంకో స్కూల్ సబ్జెక్ట్ లాగే ఉండిపోతుంది. ఎక్కువ అమెరికా గురించే రాస్తున్నా ఎందుకంటే నాకు దగ్గరగా తెలిసింది ఇదే, కానీ లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్నవాళ్లకి పెద్ద తేడా ఉండదు, ఆ మాటకొస్తే బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఉన్న తెలుగువాళ్లకి కూడా.

ముందు ఇంట్లో గీతలు గీయండి

ఒక కాగితం మీద ఇంట్లో అందరి పేర్లూ రాసి ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడుకుంటారో గీతలు గీయండి, తెలుగుకి ఒక రంగు, ఇంగ్లీష్‌కి ఇంకో రంగు. మీరు అనుకుంటున్న దానికీ కాగితం మీద వచ్చేదానికీ తేడా ఉంటుంది. అమ్మకీ నాన్నకీ మధ్య గీత మామూలుగా తెలుగే, అమ్మమ్మకీ పిల్లలకీ మధ్య సగం సగం. అన్నిటికంటే ముందు రంగు మారేది అక్కకీ తమ్ముడికీ మధ్య ఉన్న గీత. పెద్దపిల్ల కిండర్‌గార్టెన్‌కి వెళ్లిన ఏడాదిలోనే ఇంగ్లీష్‌ని ఇంటికి తెచ్చేస్తుంది, బొమ్మలకి కూడా ఇంగ్లీష్‌లోనే క్లాస్ పీకుతుంది, రెండేళ్ల తమ్ముడు రోజంతా దాని వెనకాలే తిరుగుతుంటాడు కాబట్టి వాడికి అదే మొదటి భాష అయి కూర్చుంటుంది. పెద్దదానికి తెలుగు బాగా వచ్చి చిన్నోడికి రాని ఇళ్లు ఎన్నో చూశాను, అందరూ "చిన్నోడికి బద్ధకం" అంటారు. బద్ధకం కాదండీ, వాడు మాటలు నేర్చుకునే టైమ్‌కి ఇల్లే మారిపోయింది.

"మీరిద్దరూ తెలుగులో మాట్లాడుకోండి" అని రూల్ పెడితే మీరు గదిలోంచి బయటికి వెళ్లేదాకా నడుస్తుంది. దానికంటే పెద్దదాన్ని చిన్నోడికి టీచర్ని చెయ్యండి. పడుకునే ముందు వాడికి తెలుగు కథ చెప్పే డ్యూటీ దానిది, చదివి చెప్పినా సరే, బొమ్మలు చూపించి సొంతంగా అల్లినా సరే. పెత్తనం చెయ్యడం ఏ అక్కకి ఇష్టం ఉండదు? అష్టాచెమ్మా వైకుంఠపాళీ లాంటి ఆటలు కూడా పనికొస్తాయి, అంకెలు లెక్కపెట్టడం, "నీ పంట కాదు నా పంట", "నువ్వు దొంగాట ఆడుతున్నావ్", ఇవన్నీ ఆటతో పాటే వస్తాయి, కొట్టుకున్నా తెలుగులో కొట్టుకుంటారు.

బెల్జియంలో డచ్ మాట్లాడే ఫ్లాండర్స్ ప్రాంతంలో అనిక్ డి హౌవర్ అనే భాషా శాస్త్రవేత్త 1,899 కుటుంబాల్ని సర్వే చేసి 2007లో ఫలితాలు ప్రచురించారు, అన్నీ అమ్మానాన్నల్లో కనీసం ఒకరు డచ్ కాని ఇంకో భాష మాట్లాడే ఇళ్లే. సుమారు నాలుగో వంతు ఇళ్లలో పిల్లలు ఆ రెండో భాష మాట్లాడట్లేదు, బడి భాష మాత్రం అందరికీ వచ్చేసింది. మనకి పనికొచ్చే విషయం ఏంటంటే, అమ్మానాన్నా ఇద్దరూ ఇంటి భాష మాట్లాడే ఇళ్లలోనే పిల్లలకి అది బాగా నిలబడింది. "ఒకరు ఒక భాష" అని పంచుకున్న పద్ధతి అంత గొప్పగా పనిచెయ్యలేదు. మన దగ్గర చాలామంది అమ్మ తెలుగు, నాన్న ఇంగ్లీష్ అని పంచుకుని సైంటిఫిక్‌గా చేస్తున్నాం అనుకుంటారు. ఇద్దరూ తెలుగువాళ్లే అయినప్పుడు ఆ పంపకం దేనికి? ఇంగ్లీష్‌కి బయట స్కూల్ ఉంది, టీవీ ఉంది, ఊరంతా ఉంది. తెలుగుకి ఉన్నది మీరిద్దరే.

అయిదేళ్ల లోపు

ఈ వయసులో వీలైనంత తెలుగే మాట్లాడండి, ఇంగ్లీష్ గురించి భయపడకండి. ప్రీస్కూల్‌కి వెళ్లిన మొదటి నెలల్లో పిల్ల మాట్లాడకుండా కూర్చుంటే టీచర్ పిలిచి "ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడండి" అని సలహా ఇవ్వొచ్చు, మంచి మనసుతోనే ఇస్తారు, చాలామంది అమ్మానాన్నలు ఆ రోజు రాత్రి నుంచే ఇంట్లో భాష మార్చేస్తారు. కంగారు పడొద్దు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యమయ్యే జబ్బేమీ రాదని అమెరికన్ స్పీచ్ లాంగ్వేజ్ హియరింగ్ అసోసియేషన్ కూడా స్పష్టంగా చెప్తుంది. నిజంగా డౌట్ ఉంటే స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి తప్పకుండా తీసుకెళ్లండి, పిల్లకి రెండు భాషల్లో కలిపి ఎన్ని మాటలు వచ్చో రాసి తీసుకెళ్లండి, ఒక్క ఇంగ్లీష్ మాటలే లెక్కపెడితే ఏ పిల్లయినా వెనకపడినట్టే కనిపిస్తుంది.

ఇంగ్లీష్ మాటలు కలపడం గురించి కూడా కొంతమంది మరీ కఠినంగా ఉంటారు. సీట్‌బెల్ట్‌కి, ఫ్రిజ్‌కి, హోంవర్క్‌కి తెలుగు పదం వెతకాల్సిన పని లేదు, మన అమ్మానాన్నలు కూడా బస్సు, స్టేషను, పెన్ను అనే అన్నారు. పేరు ఏ భాషదైనా ఫర్వాలేదు, వాక్యం చివర క్రియ తెలుగులో ఉందా లేదా అదొక్కటి చూసుకోండి. "హోంవర్క్ ఫినిష్ చేశావా" అంటే అది తెలుగే. "డిడ్ యూ ఫినిష్ యువర్ హోంవర్క్, నాన్నా" అంటే అందులో తెలుగు ఒక్క నాన్నే.

ఇంగ్లీష్‌లో జవాబిస్తే

రోజుకి వందసార్లు జరిగేది ఇదే, అన్నీ ఇక్కడే తేలిపోతాయి, కాబట్టి కాస్త వివరంగా చెప్తా. మీరు తెలుగులో అడిగారు, వాడు "ఐ డోంట్ వాంట్ దిస్" అన్నాడు. ఇప్పుడు మీరేం చేస్తారు? ఎలిజబెత్ లాంజా అనే పరిశోధకురాలు నార్వేలో ఇంగ్లీష్, నార్వేజియన్ కలిసి ఉన్న ఇళ్లలో రెండేళ్ల పిల్లలతో అమ్మానాన్నల మాటలు రికార్డ్ చేసి తల్లిదండ్రులు చేసేవాటిని ఒక వరసలో పెట్టారు. మన ఇంటి భాషలో చెప్తే అవి ఇలా ఉంటాయి.

ఒకటి, అర్థం కానట్టు "ఆఁ? ఏంటమ్మా?" అనడం. మూడేళ్ల పిల్లల దగ్గర బాగా పనిచేస్తుంది, ఏడేళ్ల పిల్ల దగ్గర చేస్తే "అమ్మా, యూ నో ఇంగ్లీష్" అని మొహం మీదే అనేస్తుంది. రెండోది, ఊహించి తెలుగులో తిరిగి అడగడం: "వద్దా? దోసె వద్దా, చట్నీ వద్దా?" ఇది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే పిల్లాడు ఇప్పుడు కనీసం "చట్నీ వద్దు" అనాలి, సగం మాటలు మీరే చేతికిచ్చారు కాబట్టి కష్టం కూడా కాదు. మూడోది, వాడన్నదాన్నే తెలుగులో అనేసి ముందుకెళ్లిపోవడం: "ఓహో, ఇది వద్దంటావా, సరే మరి పెరుగన్నం కలపనా." నాలుగోది, ఏమీ పట్టించుకోకుండా మీ తెలుగులో మీరు కంటిన్యూ అవ్వడం. అయిదోది మీరు కూడా ఇంగ్లీష్‌లోకి దిగిపోవడం. మొదటివైపు ఉన్నకొద్దీ ఇది తెలుగు నడిచే ఇల్లని పిల్లలకి అర్థమవుతుంది, అయిదోవైపు జరిగినకొద్దీ ఏ భాషైనా చెల్లుతుందని అర్థమవుతుంది.

కోపంలో ఉన్నప్పుడు, పిల్ల ఏడుస్తున్నప్పుడు, స్కూల్లో ఎవరో ఏదో అన్నారని చెప్పుకుంటున్నప్పుడు మాత్రం ఈ టెక్నిక్‌లన్నీ పక్కన పెట్టెయ్యండి. ఏ భాషలో చెప్తే ఆ భాషలో విని, మీ జవాబు మాత్రం మెల్లగా తెలుగులో ఇవ్వండి. గుండెల్లో బాధ చెప్పుకోవాలంటే ముందు తెలుగులోకి మార్చుకోవాలి అనే పరిస్థితి వస్తే రేపట్నుంచి చెప్పడమే మానేస్తారు, అప్పుడు భాష కంటే పెద్ద నష్టం.

నవ్వడం ఆపండి

బయట పెరిగిన పిల్లల తెలుగులో తప్పులు ఒక పద్ధతిలోనే వస్తాయి. "అమ్మ వచ్చాడు", "తాతయ్య తింటుంది" అంటారు, క్రియ చివర ఆడ మగ తేడా వాళ్లకి ఇంకా కుదురుకోదు. ళ అన్నచోట ల, ణ అన్నచోట న. తాతయ్యని "నువ్వు" అంటారు, ఆయన పక్కన కూర్చున్న కుక్కపిల్లని "మీరు" అంటారు. వీటికి మందు ఒక్కటే, సరైన రూపాన్ని మీ జవాబులో కలిపి అనేసి మాట కొనసాగించడం. "అమ్మ వచ్చాడు" అంటే "ఆఁ, అమ్మ వచ్చిందా, ఏం తెచ్చింది?" అంతే. ఆపి, సరిదిద్ది, మూడుసార్లు చెప్పించకండి.

దీనికంటే ముఖ్యమైంది చుట్టాల సంగతి. ఇండియా వెళ్లగానే హాల్లో పదిమంది మధ్య కూర్చోబెట్టి "ఏదీ, మళ్లీ అను, ఎంత ముద్దుగా అంటున్నాడో" అని నవ్వుతారు. నాలుగేళ్లప్పుడు వాడూ నవ్వుతాడు. తొమ్మిదేళ్లప్పుడు అదే నవ్వుకి నోరు మూసుకుంటాడు, ఇంక ఆ ట్రిప్ మొత్తం "ఫైన్, యా, ఓకే" తోనే నడిపిస్తాడు. టికెట్లు బుక్ చేసిన రోజే పెద్దవాళ్లకి ఫోన్ చేసి చెప్పండి, వాడి తెలుగు చూసి నవ్వొద్దు, "అమెరికా దొర" అనొద్దు అని. చెప్తే అర్థం చేసుకుంటారు, చాలామందికి అది పిల్లాడికి తగులుతుందని తట్టదు అంతే.

యాస విషయంలో కూడా ఇదే. అమ్మది వరంగల్, నాన్నది భీమవరం అయితే పిల్ల "పోదాం" అంటుంది, "ఎళ్దామా" అంటుంది, తెలుగు క్లాస్‌లో టీచర్ "వెళ్దాం" అంటారు. మూడూ రానివ్వండి. క్లాస్‌లో చెప్పింది కరెక్టు, అమ్మమ్మ మాట తప్పు అని ఎవరన్నా అంటే ఊరుకోకండి, ఆ పిల్ల తెలుగు నేర్చుకునేది ఎక్కువగా ఆ అమ్మమ్మతో మాట్లాడ్డానికే.

అమ్మమ్మ, నాయనమ్మ, తాతయ్యలు వచ్చినప్పుడు

విజిటర్ వీసా మీద వస్తే మామూలుగా ఆరు నెలల దాకా ఉంటారు, ఇంతకంటే మంచి క్లాస్ ఎక్కడా దొరకదు. కానీ వాళ్లని వదిలేస్తే ఏమవుతుందంటే తాతయ్య మనవడి దగ్గర తన ఇంగ్లీష్ ప్రాక్టీస్ చేసుకుంటారు, మనవడు తాతయ్యకి ఐప్యాడ్ నేర్పిస్తాడు, నాయనమ్మ వంటింట్లో ఉంటుంది, తెలుగు సీరియల్ హాల్లో దానంతటది నడుస్తుంటుంది. అందుకని పనులు పంచండి. స్కూల్ బస్ దగ్గర్నుంచి ఇంటికి నడిపించుకొచ్చేది తాతయ్య, ఆ నడకలో ఆ రోజు సంగతులన్నీ ఆయనకే చెప్పాలి. వీకెండ్ గారెల పిండి నాయనమ్మతో కలిసి చెయ్యాలి. తాతయ్యకి ఇంగ్లీష్ వచ్చినా రానట్టు ఉండమనండి, మా ఇంట్లో ఇది పక్కాగా నడిచింది, ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారన్న సంగతి పిల్లలకి చాలా లేట్‌గా తెలిసింది.

వాళ్లు వెనక్కి వెళ్లాక వీడియో కాల్స్ ఉంటాయి కదా అనుకుంటాం. "తాతయ్యకి హాయ్ చెప్పు, తిన్నావా అంటున్నారు చూడు, బై చెప్పు" ఇంతకి మించి జరగదు, ఎందుకంటే ఆ కాల్‌లో పిల్లలకి ఏ పనీ లేదు. ఏదో ఒక పని పెట్టండి. పొడుపుకథలు చాలా బాగా నడుస్తాయి. ఈ వారం తాతయ్య ఒకటి వేస్తారు, వచ్చే వారం దాకా విప్పాలి, తర్వాత పిల్లలు తిరిగి ఒకటి వెయ్యాలి. "చేత్తో చల్లుతాం, నోటితో ఏరుకుంటాం" అంటే అక్షరాలు, ఇది ఎక్కడ పెరిగిన పిల్లలకైనా అందుతుంది. "అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చి తైతక్కలాడింది" అంటే మాత్రం కవ్వం ఎప్పుడూ చూడని పిల్లలకి దారి దొరకదు, అప్పుడు అమ్మమ్మ లేచి వెళ్లి ఇంట్లో ఉన్న కవ్వం తెచ్చి కెమెరా ముందు చిలికి చూపిస్తుంది, ఆ పదినిమిషాలూ తెలుగే కదా. కాల్ కుదరని రోజు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టించండి, టైమ్ జోన్ గొడవ ఉండదు, పిల్లలు కూడా నచ్చేదాకా మళ్లీ మళ్లీ రికార్డ్ చేసుకుంటారు.

ఇండియా ట్రిప్ ఒక్కటే అన్నీ సెట్ చేసేస్తుందని మాత్రం అనుకోకండి. హైదరాబాద్‌లో గేటెడ్ కమ్యూనిటీలో ఉన్న మీ చెల్లెలి పిల్లలు కూడా ఇంగ్లీష్ మీడియమే, వాళ్లూ మీ పిల్లలూ కలిసి ఇంగ్లీష్‌లోనే ఆడుకుంటారు. తెలంగాణ 2018లో బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టమే తేవాల్సి వచ్చిందంటే అక్కడి సంగతి కూడా అర్థం చేసుకోవచ్చు. మనం వచ్చేటప్పుడు తెచ్చుకున్న ఊరు అక్కడ కూడా లేదు. కుదిరితే ట్రిప్‌లో కొన్ని రోజులు చిన్న ఊళ్లో గడపండి, కొట్టుకి పంపించి కొత్తిమీర తెమ్మనండి, ఆటో అతన్ని వాళ్లనే అడగమనండి. అడగాల్సిన అవసరం వస్తే అడుగుతారు.

క్లాస్ దేనికి, దేనికి కాదు

ఇప్పుడు అమెరికాలో పెద్ద ఊరైతే వీకెండ్ తెలుగు క్లాసులకి కొదవ లేదు. సిలికానాంధ్ర 2007లో మనబడి మొదలుపెట్టింది, తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) వాళ్ల పాఠశాల ఉంది, గుళ్లలో నడిచేవి, ఎవరో ఒకరు తమ బేస్‌మెంట్‌లో నడిపేవి కూడా ఉన్నాయి. వీటివల్ల రెండు లాభాలు. చదవడం రాయడం ఒక వరసలో వస్తుంది, ఇంట్లో మనకి అంత ఓపిక ఉండదు. రెండోది, తనలాంటి పేర్లున్న, తనలాగే లంచ్ బాక్స్‌లో పులిహోర తెచ్చుకునే పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారని తెలుస్తుంది. మాట్లాడ్డం మాత్రం వారానికి రెండు గంటల్లో రాదు, బ్రేక్‌లో ఆ పిల్లలందరూ ఏ భాషలో అరుచుకుంటారో బయట నిలబడి వినండి చాలు.

హైస్కూల్ పిల్లలకి ఇంకో ఆశ చూపించొచ్చు. సీల్ ఆఫ్ బైలిటరసీ అని, రెండు భాషల్లో చదవడం రాయడం వచ్చిన పిల్లలకి డిప్లొమా మీద ఇచ్చే గుర్తింపు, కాలిఫోర్నియా 2011లో చట్టం చేసి మొదలుపెట్టింది, ఇప్పుడు దాదాపు అన్ని రాష్ట్రాల్లో ఉంది. తెలుగుకి ఏ పరీక్ష ఒప్పుకుంటారు, క్రెడిట్ ఇస్తారా లేదా అన్నది మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌ని బట్టి ఉంటుంది, తొమ్మిదో క్లాస్‌లోనే కౌన్సిలర్‌ని అడిగి పెట్టుకోండి. స్పానిష్ క్లాస్ తప్పించుకోవచ్చు అంటే చాలు, కొంతమంది పిల్లలు తెలుగు పుస్తకం వాళ్లే వెతుక్కుంటారు.

అక్షరాలు ఎప్పుడు మొదలుపెట్టాలి అంటే, మాటలు కుదురుకున్నాక, ఆరేడేళ్లకి. అంతకుముందు పలకా బలపం పట్టుకుని వెంటపడకండి. మాటలు వచ్చిన పిల్లలకి లిపి త్వరగానే పట్టుబడుతుంది, పలికినట్టే రాస్తాం కాబట్టి ఇంగ్లీష్ స్పెల్లింగ్ కంటే సుఖం. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు లెవెల్స్ వారీగా ఫ్రీగా దొరుకుతాయి, ఫస్ట్ లెవెల్‌లో పేజీకి ఒకటి రెండు వాక్యాలే. పదేళ్లు దాటి లిపి ససేమిరా అంటే ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు టైప్ చెయ్యనివ్వండి, "em chestunnav" టైపులో అమ్మమ్మకి మెసేజ్ పెట్టినా అది తెలుగు వాక్యమే, మనం మాత్రం రోజంతా ఫోన్‌లో చేస్తున్నదేంటి?

పండగలు ఉంటాయి, భాష పోతుంది

ఇక్కడ ఒక్కసారి మన కంటే ముందు వెళ్లినవాళ్లని చూద్దాం. మారిషస్‌లో 1834లో మొదలైన కూలీ ఒప్పందాల కాలంలో తెలుగువాళ్లు చెరకు తోటలకి వెళ్లారు. ఈ రోజు అక్కడ ఉగాది పబ్లిక్ హాలిడే, రామభజనలు చేస్తారు, బడుల్లో తెలుగు చెప్తారు, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు కూడా అక్కడ జరిగాయి. ఇంట్లో మాట్లాడుకునేది మాత్రం అక్కడి భాష క్రియోల్. సౌత్ ఆఫ్రికాకి 1860 నుంచి వెళ్లారు, 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు, 1996 నాటి ఆ దేశ రాజ్యాంగంలో గౌరవించాల్సిన భాషల్లో తెలుగు పేరు కూడా రాసి ఉంది, అయినా ఇళ్లలో ఇంగ్లీషే. ఇంకోవైపు తమిళనాడులో, కోయంబత్తూరు, మదురై, కోవిల్‌పట్టి వైపు నాయకరాజుల కాలం నుంచీ ఉన్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, చాలామందికి తెలుగు చదవడం రాదు, శుభలేఖలు తమిళంలోనే వేయించుకుంటారు, కానీ వంటింట్లో, పొలంలో, వియ్యాలవారితో ఇప్పటికీ తెలుగే. అక్కడ తెలుగుని నిలబెట్టింది హాలిడే కాదు, రాజ్యాంగంలో పేరూ కాదు. పెళ్లిళ్లు తమలో తామే చేసుకున్నారు, కోడలుగా వచ్చిన పిల్లకి కూడా తెలుగే వచ్చు, అక్కడ ఆ భాషకి రోజూ పని ఉంది.

అమెరికాలో 2010 నుంచి 2017 మధ్య ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని సెన్సస్ సర్వే లెక్కల మీద వార్తలొచ్చినప్పుడు అందరం షేర్ చేసుకుని పండగ చేసుకున్నాం. ఆ పెరిగింది ఎక్కువగా కొత్తగా విమానం దిగినవాళ్లతో, ఇక్కడ పుట్టిన పిల్లలు మాట్లాడ్డం వల్ల కాదు.

పండగలు చెయ్యొద్దని కాదు. ఉగాది ఏ వారం వచ్చినా శనివారానికి జరుపుకుంటాం, బతుకమ్మకి తంగేడు దొరక్క బంతీ చామంతీ పేరుస్తాం, వేపపువ్వు ఇండియన్ స్టోర్‌లో ఎండబెట్టింది కొంటాం, తప్పులేదు, పండగలు ఎప్పుడూ ఊరిని బట్టి మారుతూనే ఉన్నాయి. ఒక్కటే, స్టేజ్ మీద పిల్లలతో అర్థం తెలియని పద్యం బట్టీ కొట్టించి వీడియో తీసుకునే బదులు, ఆ పూలు పేర్చే పనిలోకి, పచ్చడి కలిపే పనిలోకి వాళ్లని లాగండి. "ఇంకొంచెం బెల్లం వెయ్యి, చాలు చాలు, పులుపు తగ్గింది" అని చెప్పించుకుంటూ చేసిన పని స్టేజ్ ప్రోగ్రాం కంటే ఎక్కువ తెలుగు ఇస్తుంది.

వరసలు మాత్రం పట్టుబట్టి నేర్పించండి. ఇక్కడ పెద్దవాళ్లందరూ ఆంటీ అంకుల్, పిల్లలందరూ కజిన్స్ అయిపోతారు. పిన్ని, పెద్దమ్మ, మేనత్త, బాబాయి, మామయ్య ఎవరెవరో తెలిస్తేనే ఎవరి దగ్గర చనువుగా ఉండొచ్చు, ఎవరితో ఆటపట్టించొచ్చు అన్నది తెలుస్తుంది, బావ అని పిలిచిన మేనమామ కొడుకుతో వేసుకునే జోకులు పెదనాన్న కొడుకుతో వెయ్యరు. ఫోటో ఆల్బమ్ పట్టుకుని "ఈయన నాకేమవుతారు, నీకేమవుతారు" అని ఆట ఆడించండి. పక్కన ఒక మాట. తెలుగు రాని పిల్లలకి కూడా మన దగ్గర కులం మాత్రం చక్కగా దిగిపోతోంది, ఏ గ్రూప్ పిక్నిక్‌కి వెళ్తాం, ఏ గ్రూప్‌కి వెళ్లం అన్నది చూసి పిల్లలు పట్టేస్తారు. ఎవరూ క్లాస్ పెట్టకుండానే అది వచ్చేసిందంటే ఇళ్లలో రోజూ దానికి పని పడుతున్నట్టే కదా.

పదకొండు, పన్నెండేళ్లు వచ్చాక

"అమ్మా, స్టోర్‌లో తెలుగులో మాట్లాడకు" అనే రోజు వస్తుంది. గొడవ పెట్టుకోకండి, బయట మీరు కాస్త మెల్లగా మాట్లాడండి, కానీ మానొద్దు. ఈ వయసులో పనికొచ్చేది రహస్యం. "ఆ పక్కనున్నాయన జుట్టు చూడు" అని కొట్లో ఎవరికీ తెలియకుండా అనుకోగలిగే భాష తమకి ఉందని తెలిస్తే సిగ్గు కొంచెం తగ్గుతుంది. సినిమాలు చూడనివ్వండి, సబ్‌టైటిల్స్‌తోనే, మీమ్స్ కూడా. బూతులు ముందు వస్తాయి, రాకపోతేనే ఆశ్చర్యం. కారు నేర్పేటప్పుడు పక్క సీట్లో కూర్చుని తెలుగులో చెప్పండి, తప్పించుకోలేరు, పైగా ఆ టైమ్‌లో మీ నోటి నుంచి ఎలాగూ ఇంగ్లీష్ రాదు.

పదిహేనేళ్లకి ఒక్క ముక్క మాట్లాడని పిల్లలున్నవాళ్లు అంతా అయిపోయిందని అనుకోనక్కర్లేదు. చిన్నప్పుడు విన్న చెవి ఎక్కడికీ పోదు, కాలేజీకి వెళ్లాక రూమ్‌మేట్ ఎవరో అడిగారని, లేదా ఎవరినో ఇష్టపడ్డారని మళ్లీ మొదలుపెట్టిన పిల్లలు చాలామంది ఉన్నారు, విస్కాన్సిన్, బర్క్‌లీ లాంటి యూనివర్సిటీల్లో తెలుగు కోర్సులు చెప్పింది కూడా కొంతవరకు ఇలాంటి పిల్లలకే. అలాంటప్పుడు ఫోన్ చేసి తెలుగులో ఏదో అడిగితే "ఇన్నాళ్లూ మొత్తుకున్నాను కదా" అనకండి. అడిగినదానికి జవాబు చెప్పండి.

ఇంక మనవళ్ల సంగతి. సదరన్ కాలిఫోర్నియా మీద 2006లో వచ్చిన ఒక పరిశోధనలో అంత పెద్ద స్పానిష్ కూడా మూడో తరానికి ఆరిపోతోందని, ఆసియా భాషలైతే ఇంకా ముందే పోతున్నాయని తేలింది. మన పిల్లలు ఎవరిని చేసుకుంటారో తెలియదు, అల్లుడు గుజరాతీ కావొచ్చు, కోడలు టెక్సాస్ అమ్మాయి కావొచ్చు, వాళ్లిద్దరి మధ్య ఇంగ్లీషే ఉంటుంది, మీ కూతురికి కూడా ఆర్డర్లకి సరిపోయే తెలుగే మిగిలి ఉండొచ్చు. అప్పుడు కాగితం మీద మిగిలేది మీకూ ఆ బిడ్డకీ మధ్య గీత ఒక్కటే. పుట్టిన మొదటి వారం నుంచి, ఎత్తుకున్న ప్రతిసారీ తెలుగులోనే మాట్లాడండి, కోడలికి ముందే చెప్పి ఒప్పించుకోండి, ఆవిడకి అర్థం కాని చోట పక్కన చెప్తుండండి, లేకపోతే ఆవిడ తన ఇంట్లో తనే పరాయిదైనట్టు అనుకుంటుంది, అది న్యాయమే. వారానికి రెండు మధ్యాహ్నాలు బిడ్డని మీ దగ్గర వదలమని అడగండి, బేబీ సిట్టింగ్ ఫ్రీగా వస్తుందంటే ఈ దేశంలో ఎవరూ కాదనరు.